సుఖదేవ్ థోరాట్: అర్హత ఒకటే అయినా పేరును బట్టి ఉద్యోగ పిలుపు మారుతుందని లెక్కగట్టిన ఆర్థికవేత్త

ఒకే ఉద్యోగ ప్రకటనకు మూడు దరఖాస్తులు వెళ్లాయి. మూడింటిలోనూ చదువు, అనుభవం సమానంగా ఉన్నాయి. కులం గురించి గానీ, మతం గురించి గానీ ఎక్కడా ఒక్క మాట లేదు. తేడా ఉన్నది పేర్లలో మాత్రమే. ఒక పేరు అగ్రకుల హిందువుదని, ఇంకొకటి దళితుడిదని, మరొకటి ముస్లిందని చూడగానే తెలిసిపోతుంది.

ఈ విధంగా 548 ఉద్యోగ ప్రకటనలకు మొత్తం 4,808 దరఖాస్తులు పంపారు. 2005 అక్టోబరులో మొదలుపెట్టి 66 వారాల పాటు ఈ పని సాగింది. దరఖాస్తుదారులందరూ కల్పిత వ్యక్తులే. వాటిని అందుకున్న ప్రైవేటు కంపెనీలు మాత్రం నిజమైనవి.

ఏ పేరుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, ఏ పేరుకు రాలేదు అన్నదే ఈ పరిశోధన తేల్చదలచుకున్న ప్రశ్న. దీన్ని నిర్వహించినవారు భారత ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్, న్యూయార్క్ సిటీ యూనివర్సిటీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త పాల్ అట్వెల్.

ఉద్యోగాల్లో కుల వివక్ష ఉందని చెప్పినవారు అంతకు ముందు లేరని కాదు. అయితే అది ఎక్కువగా బాధితుల వాంగ్మూలంగా, ఫిర్యాదుగానే ఉండిపోయేది. యాజమాన్యాలు కాదంటే అక్కడితో ఆగిపోయేది. ఆ వాదనను కొలవగలిగిన అంశంగా మార్చడంలో థోరాట్ పరిశోధనా జీవితానికి ప్రధాన స్థానం ఉంది.

ఎవరీ సుఖదేవ్ థోరాట్?

థోరాట్ 1949లో మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతానికి చెందిన అమరావతి జిల్లాలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు.

అప్పటి ఔరంగాబాద్‌లోని మిలింద్ కళాశాలలో డిగ్రీ చదివారు. ఆ కళాశాలను నడుపుతున్న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించినది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. అణగారిన వర్గాల పిల్లలకు ఉన్నత విద్య అందించాలన్న లక్ష్యంతో ఏర్పడిన ఆ సంస్థ నుంచి మరాఠ్వాడా, విదర్భ ప్రాంతాల్లో అనేకమంది రచయితలు, అధ్యాపకులు, ఉద్యమకారులు వచ్చారు.

ఆ తర్వాత థోరాట్ ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. అదే విశ్వవిద్యాలయంలోని ప్రాంతీయాభివృద్ధి అధ్యయన కేంద్రంలో దశాబ్దాల పాటు ఆర్థిక శాస్త్రం బోధించారు.

2003లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ వ్యవస్థాపకుల్లో ఆయన ముఖ్యులు. 2006 నుంచి 2011 వరకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) చైర్మన్‌గా, తర్వాత భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి చైర్మన్‌గా పనిచేశారు. 2008లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది.

తొలి అడుగులు వ్యవసాయ ఆర్థిక శాస్త్రంలో

థోరాట్ పేరు వినగానే కుల వివక్షపై చేసిన పరిశోధనలే గుర్తుకొస్తాయి. కానీ ఆయన పరిశోధనలో తొలి భాగం గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది. వ్యవసాయంలో సాంకేతిక మార్పులు, ప్రాంతాల మధ్య తేడాలు, ప్రభుత్వ వ్యయం పేదరికంపై చూపే ప్రభావం వంటివి ఆయన అధ్యయనాంశాలు.

అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కోసం షెంగెన్ ఫాన్, పీటర్ హేజెల్‌తో కలిసి ఆయన చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. ప్రభుత్వం గ్రామాల్లో ఖర్చు చేసే రూపాయిల్లో దేనివల్ల పేదరికం ఎక్కువ తగ్గుతుందన్నది అందులోని ప్రశ్న. రాష్ట్రాలవారీ గణాంకాలను పరిశీలించిన ఆ ముగ్గురు, గ్రామీణ రహదారులపైనా వ్యవసాయ పరిశోధనపైనా పెట్టే ఖర్చు ఎక్కువ ఫలితం ఇస్తుందని తేల్చారు.

ఈ అధ్యయనం తర్వాతి పరిశోధనలకు సంబంధం లేనిదిగా కనిపించవచ్చు. కానీ ప్రశ్న అడిగే తీరు ఒకటే. ప్రభుత్వ విధానం ఉద్దేశించిన ఫలితం ఎవరికి చేరుతోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది అన్నదే ఆయన ఆ తర్వాత కూడా వెతికారు.

అంబేడ్కర్‌ను ఆర్థికవేత్తగా చూపించడం థోరాట్ చేసిన మరో ముఖ్యమైన పని. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా అంబేడ్కర్ కార్మిక శాఖతో పాటు నీటిపారుదల, విద్యుత్ విధానాల రూపకల్పనలో నిర్వహించిన పాత్రపై ఆయన ఒక పుస్తకం రాశారు.

మార్కెట్ తనంతట తానే వివక్షను తొలగిస్తుందా?

థోరాట్ పరిశోధన ప్రాధాన్యం అర్థం కావాలంటే ఆర్థిక శాస్త్రంలో అప్పటికే సాగుతున్న ఒక చర్చను చూడాలి.

అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1957లో వివక్ష ఆర్థిక శాస్త్రంపై ఒక పుస్తకం ప్రచురించారు. యజమాని తన అయిష్టం కారణంగా సమర్థులను పక్కనపెడితే ఆ నష్టాన్ని తానే భరించాల్సి వస్తుందని ఆయన విశ్లేషించారు. పోటీ తీవ్రంగా ఉన్నచోట వివక్ష చూపే యజమాని వెనకబడిపోతాడన్నది దాని నుంచి వచ్చే తార్కిక ముగింపు. ప్రభుత్వ జోక్యం అవసరం లేదని వాదించేవారికి ఇది బలమైన ఆధారంగా మారింది.

మరో ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1976లో భారతీయ కుల వ్యవస్థను ఉదాహరణగా తీసుకుని భిన్నమైన చిత్రం చూపారు. కుల కట్టుబాటును ఉల్లంఘించినవారిని మిగతా సమాజం వెలివేసే పరిస్థితి ఉంటే, వ్యక్తిగతంగా ఆ కట్టుబాటు నచ్చనివారు కూడా దాన్ని పాటిస్తారు. అలాంటి చోట పోటీ ఉన్నా వివక్ష కొనసాగవచ్చు.

అంబేడ్కర్ అంతకు చాలా ముందే, 1936లో, కులాన్ని శ్రమ విభజన పేరిట సమర్థించే వాదనను తోసిపుచ్చారు. పుట్టుకను బట్టి వృత్తి నిర్ణయమైనప్పుడు మనిషి తన సామర్థ్యానికి తగిన పనిలోకి వెళ్లలేడని, అది ఆర్థికంగా కూడా నష్టమేనని ఆయన వివరించారు.

థోరాట్ ఈ ఆలోచనలను ఆధారం చేసుకుని ‘మార్కెట్, మార్కెటేతర వివక్ష’ అనే దృష్టికోణాన్ని అభివృద్ధి చేశారు. పనిలోకి తీసుకోకపోవడం ఒక్కటే వివక్ష కాదు. పంట అమ్ముకోనివ్వకపోవడం, భూమి కౌలుకు ఇవ్వకపోవడం, అప్పు పుట్టకపోవడం, ప్రభుత్వ పథకం అందే చోటుకు వెళ్లలేకపోవడం కూడా ఇందులోకి వస్తాయి. పేదరికం వల్ల కలిగే లేమి వేరు, గుర్తింపు వల్ల కలిగే వెలి వేరు అన్నది ఆయన వాదనకు కేంద్రం.

గ్రామాల్లో కనిపించిన దృశ్యం

2006లో ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ అనే పుస్తకం వెలువడింది. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్‌తో పాటు థోరాట్ దాని రచయితల్లో ఒకరు. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిగిన సర్వే దానికి ఆధారం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ రాష్ట్రాల్లో ఉంది.

ఆలయ ప్రవేశం, మంచినీటి బావి వంటి అంశాలతో పాటు మార్కెట్‌కు సంబంధించిన వివరాలను కూడా ఈ సర్వే నమోదు చేసింది. వాటిలో కొన్ని:

• దాదాపు 35 శాతం గ్రామాల్లో దళితులు తమ ఉత్పత్తులను స్థానిక మార్కెట్‌లో అమ్ముకోవడానికి అడ్డంకులున్నాయి.

• పాల సహకార సంఘాలున్న గ్రామాల్లో 47 శాతం చోట్ల దళితులు ఆ సంఘాలకు పాలు పోయలేకపోతున్నారు.

• సుమారు నాలుగో వంతు గ్రామాల్లో దళిత కూలీలకు ఇతరుల కన్నా తక్కువ కూలి ముడుతోంది.

పాడి పశువు కొనడానికి ప్రభుత్వం రుణం ఇవ్వవచ్చు. కానీ ఆ ఇంటి పాలు సంఘంలో పోయించుకోకపోతే రుణం తీర్చే దారేది? రుణం మంజూరు చేసిన శాఖ లెక్కల్లో ఆ పథకం విజయవంతమైనట్లే కనిపిస్తుంది. వివక్షను విధాన రూపకల్పనలో లెక్కలోకి తీసుకోవాలని థోరాట్ పదేపదే కోరడానికి ఇలాంటి పరిస్థితులే కారణం.

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ 2003లో ఐదు రాష్ట్రాల్లోని 531 గ్రామాల్లో మరో సర్వే చేసింది. మధ్యాహ్న భోజన పథకం, చౌక ధరల దుకాణాలు దళితులకు ఎలా అందుతున్నాయో పరిశీలించింది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్, తమిళనాడుతో పాటు ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. జోయెల్ లీతో కలిసి థోరాట్ ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు.

భోజనం వండే చోటు, రేషన్ దుకాణం ఉన్న చోటు ఊళ్లోనా, దళితవాడలోనా అన్నది చాలా ముఖ్యమని ఆ అధ్యయనం చూపించింది. వండేవారు, పంచేవారు ఎవరన్నది కూడా అంతే ముఖ్యం. దళిత మహిళలను వంట పనిలో నియమించడంలో రాజస్థాన్ కన్నా ఆంధ్రప్రదేశ్ చాలా మెరుగ్గా ఉన్నట్లు తేలింది. పథకం ఒకటే అయినా, అమలు చేసే తీరును బట్టి వివక్ష పెరగవచ్చు, తగ్గవచ్చు అనడానికి ఇది ఉదాహరణ.

4,808 దరఖాస్తులు ఏం చెప్పాయి?

గ్రామాల్లో కుల వివక్ష ఉందంటే అంగీకరించేవారు కూడా నగరాల్లోని ఆధునిక కంపెనీల విషయానికి వచ్చేసరికి ఒప్పుకునేవారు కాదు. అక్కడ ప్రతిభ తప్ప మరొకటి పనిచేయదన్న నమ్మకం బలంగా ఉండేది. థోరాట్, అట్వెల్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు.

ఈ పద్ధతికి విదేశాల్లో ముందే చరిత్ర ఉంది. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో ఇలాంటి ప్రయోగమే చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. శ్వేతజాతీయులవిగా అనిపించే పేర్లకు, నల్లజాతీయులవిగా అనిపించే పేర్ల కన్నా 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయని వారు చూపారు.

భారత్‌లో థోరాట్, అట్వెల్ ఆంగ్ల దినపత్రికల్లో వచ్చే ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలను ఎంచుకున్నారు. కొత్తగా విశ్వవిద్యాలయం నుంచి బయటికి వచ్చినవారు లేదా కొద్దిపాటి అనుభవం ఉన్నవారు చేరగలిగే ఉద్యోగాలవి. ప్రతి ప్రకటనకూ సమాన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపారు.

ఫలితాలు 2007 అక్టోబరులో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడ్డాయి. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి 0.67గా, అంటే సుమారు మూడింట రెండు వంతులుగా నమోదైంది. ముస్లిం పేరుకు అది 0.33, అంటే మూడింట ఒక వంతు మాత్రమే.

ఉదాహరణకు అగ్రకుల పేరున్న 100 మందిలో పది మందికి పిలుపు వచ్చిందనుకుందాం. అదే నిష్పత్తి ప్రకారం దళిత పేరున్న 100 మందిలో దాదాపు ఏడుగురికి, ముస్లిం పేరున్న 100 మందిలో ముగ్గురు నలుగురికి మాత్రమే పిలుపు వస్తుంది.

ఇది ఇంటర్వ్యూకు ముందు దశ. అభ్యర్థి ఇంకా గదిలోకి అడుగు పెట్టలేదు, నోరు తెరవలేదు. అతని భాష, నడత, ఆత్మవిశ్వాసం ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. అందువల్ల ఈ తేడాకు ‘ఇంటర్వ్యూలో బాగా చేయలేదు’ అన్న వివరణ చెల్లదు.

ఇంటర్వ్యూ గదిలో అడిగే ప్రశ్న

ఈ ప్రయోగం ఒంటరిగా జరిగినది కాదు. థోరాట్, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఉన్న కేథరిన్ న్యూమన్ కలిసి నడిపిన విస్తృత పరిశోధనలో ఇదొక భాగం. దానిలోని మిగతా వ్యాసాలు ఉద్యోగ ప్రయాణంలోని వేర్వేరు దశలను పరిశీలించాయి.

న్యూమన్, సురీందర్ జోధ్కా పెద్ద కంపెనీలకు చెందిన 25 మంది మానవ వనరుల అధికారులతో మాట్లాడారు. తాము ప్రతిభను తప్ప మరేమీ చూడబోమని అధికారులు చెప్పారు. అదే సమయంలో అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తెలుసుకోవడం చాలా అవసరమని కూడా చెప్పారు. తండ్రి వృత్తి, పెరిగిన ఊరు, ఇంట్లోవారి చదువు వంటి వివరాలను వారు ప్రతిభకు సూచికలుగానే భావించారు.

అశ్వినీ దేశ్‌పాండే, న్యూమన్ ఢిల్లీలోని విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఉద్యోగాల్లో ఎలా కుదురుకుంటున్నారో గమనించారు. ఒకే డిగ్రీతో బయటికి వచ్చినప్పటికీ, దళిత విద్యార్థులకు ప్రైవేటు ఉద్యోగాలకు దారి చూపే పరిచయాలు తక్కువని గుర్తించారు.

ఎస్. మాధేశ్వరన్, అట్వెల్ జాతీయ నమూనా సర్వే గణాంకాలను విశ్లేషించారు. నగరాల్లో సమాన అర్హతలున్న ఇతరుల కన్నా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వేతనం వివక్ష కారణంగా 15 శాతం తక్కువగా ఉందని అంచనా వేశారు. ప్రభుత్వ రంగంలో కన్నా ప్రైవేటు రంగంలో ఈ ప్రభావం చాలా ఎక్కువని తేల్చారు.

తెలుగువారికి ఈ ‘కుటుంబ నేపథ్యం’ ప్రశ్న కొత్తది కాదు. రెడ్డి, చౌదరి, శర్మ వంటి మాటలు పేరు చివర ఉంటే కులం తెలిసిపోతుంది. లేనప్పుడు ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు, నాన్నగారు చేసే పని ఒకదాని తర్వాత ఒకటిగా అడగడం మామూలే. అడిగేవారికి అది పలకరింపు కావచ్చు. జవాబు చెప్పేవారికి మాత్రం ఆ ప్రశ్న ఎటు పోతోందో తెలుసు.

ఈ వ్యాసాలన్నీ తర్వాత థోరాట్, న్యూమన్ సంపాదకత్వంలో 2010లో వచ్చిన ‘బ్లాక్డ్ బై కాస్ట్’ పుస్తకంలో చేరాయి.

భిన్నమైన ఫలితాలు కూడా ఉన్నాయి

ఇలాంటి ప్రయోగాలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు.

అభిజిత్ బెనర్జీ, బెర్ట్రాండ్, సౌగతో దత్తా, ముల్లైనాథన్ ఢిల్లీ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగాలపై ఇదే తరహా అధ్యయనం చేశారు. 371 ఉద్యోగ ఖాళీలకు 3,160 దరఖాస్తులు పంపి, 2009లో ఫలితాలు ప్రచురించారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో అగ్రకులేతర పేర్ల పట్ల చెప్పుకోదగ్గ వివక్ష వారికి కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం అగ్రకులాల పేర్లకు, ఓబీసీ పేర్లకు మధ్య ఎక్కువ తేడా, ఎస్సీ పేర్ల విషయంలో అంతకన్నా తక్కువ తేడా కనిపించాయి. ముస్లిం పేర్ల పట్ల వివక్షకు ఆధారం దొరకలేదు.

నైపుణ్యాన్ని నేరుగా పరీక్షించగలిగే ఉద్యోగాల్లో పేరుకు ప్రాధాన్యం తగ్గుతుందని, మాటతీరు, మర్యాద వంటి అంచనాలపై ఆధారపడే ఉద్యోగాల్లో పెరుగుతుందని ఈ రెండు అధ్యయనాలను కలిపి చదివితే అనిపిస్తుంది. రంగం, కాలం, ఉద్యోగ స్థాయి మారితే ఫలితం మారవచ్చు.

ఈ పద్ధతికి మరికొన్ని పరిమితులున్నాయి. అది ఇంటర్వ్యూ పిలుపు వరకే కొలుస్తుంది, నియామకాన్ని గానీ జీతాన్ని గానీ కొలవదు. పత్రికల్లో ప్రకటించని, పరిచయాల ద్వారా భర్తీ అయ్యే ఉద్యోగాలు దాని పరిధిలోకి రావు. దేశంలోని శ్రామికుల్లో అత్యధికులు పనిచేసే అసంఘటిత రంగంలో దరఖాస్తు అన్నదే ఉండదు.

రిజర్వేషన్లపై చర్చకు ఈ పరిశోధనతో సంబంధం ఏమిటి?

రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు వీలు కల్పిస్తుంది. ప్రైవేటు కంపెనీలకు అది వర్తించదు.

మరోవైపు ప్రభుత్వ ఉద్యోగాలు తగ్గుతూ వచ్చాయి. కేంద్రం, రాష్ట్రాలు, ప్రభుత్వ రంగ సంస్థలు, స్థానిక సంస్థలు కలిపి 1997లో దాదాపు 1.95 కోట్ల మంది ఉద్యోగులుంటే, 2012 నాటికి వారి సంఖ్య సుమారు 1.76 కోట్లకు పడిపోయింది. అదే కాలంలో రిజర్వేషన్లకు అర్హులైన పట్టభద్రుల సంఖ్య పెరిగింది.

2004లో అధికారంలోకి వచ్చిన యూపీఏ ప్రభుత్వం తన కనీస ఉమ్మడి కార్యక్రమంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లపై జాతీయ స్థాయి చర్చ జరుపుతామని ప్రకటించింది. పారిశ్రామిక సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. సీఐఐ, అసోచామ్ సంస్థలు జె.జె. ఇరానీ నేతృత్వంలో 2006లో ఏర్పాటు చేసిన కార్యదళం చట్టబద్ధమైన కోటాలకు బదులు స్వచ్ఛంద చర్యలను ప్రతిపాదించింది.

థోరాట్ ఈ చర్చలో స్పష్టమైన పక్షం వహించారు. విద్య, నైపుణ్య శిక్షణ ఇస్తే చాలన్న వాదన సగమే సరైనదని ఆయన అంటారు. అర్హత లేకపోవడం వల్ల అవకాశం రాకపోతే శిక్షణ పరిష్కారం అవుతుంది. అర్హత ఉన్నా పేరు వల్ల అవకాశం రాకపోతే దానికి శిక్షణ మందు కాదు. అందుకే వివక్షను నిషేధించే చట్టం, ప్రైవేటు రంగంలోనూ రిజర్వేషన్లు, చరిత్రలో ఆస్తి, చదువు నిరాకరణకు గురైనందుకు పరిహారంగా ఆర్థిక సాధికారత అనే మూడూ కలిసి ఉండాలన్నది ఆయన వైఖరి.

కోటాల వల్ల ఉత్పాదకత దెబ్బతింటుందన్నది వ్యతిరేకుల ప్రధాన అభ్యంతరం. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ దీన్ని భారతీయ రైల్వేల గణాంకాలతో పరిశీలించారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగినందువల్ల రైల్వేల ఉత్పాదకత తగ్గినట్లు ఆధారం లేదని 2014లో వెలువడిన వారి వ్యాసం పేర్కొంది.

యూజీసీ చైర్మన్‌గా, ఎయిమ్స్ కమిటీ సారథిగా

థోరాట్ యూజీసీ పగ్గాలు చేపట్టిన 2006లోనే కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్లపై దేశవ్యాప్త ఆందోళనలు జరిగాయి. ఆ నిరసనలకు ఢిల్లీలోని ఎయిమ్స్ ఒక కేంద్రంగా నిలిచింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల అక్కడ వివక్ష చూపుతున్నారన్న ఆరోపణలపై ప్రభుత్వం థోరాట్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిటీ నియమించింది.

2007 మేలో సమర్పించిన నివేదికలో ఆ కమిటీ, హాస్టల్ గదుల్లో విద్యార్థులు కులాలవారీగా విడిపోవడం, ఆటలు, సాంస్కృతిక కార్యక్రమాల్లో కొందరిని దూరం పెట్టడం, అధ్యాపకుల సహాయం సమానంగా అందకపోవడం వంటి విషయాలను నమోదు చేసింది. ఒక ప్రతిష్ఠాత్మక విద్యాసంస్థలో కుల వివక్షపై ప్రభుత్వం జరిపించిన తొలి విచారణల్లో ఇదొకటి.

2012లో యూజీసీ ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వాన్ని పెంపొందించే నిబంధనలు జారీ చేసింది. అవి అమలు కావడం లేదన్న విమర్శలు కొనసాగాయి. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య తర్వాత ఈ అంశం మళ్లీ దేశం ముందుకొచ్చింది. నిబంధనలను అమలు చేయాలని కోరుతూ రోహిత్ తల్లి రాధిక, ముంబయిలో ప్రాణాలు తీసుకున్న వైద్యురాలు పాయల్ తడ్వీ తల్లి అబేదా 2019లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

ఉద్యోగ మార్కెట్‌లోని అసమానతకు తరగతి గదితో ఉన్న సంబంధం ఇక్కడ కనిపిస్తుంది. దరఖాస్తులో సమానంగా కనిపించే రెండు డిగ్రీల వెనుక, వాటిని పూర్తి చేయడానికి ఇద్దరు విద్యార్థులు ఎదుర్కొన్న పరిస్థితులు సమానం కాకపోవచ్చు.

తెలంగాణ సర్వే, కర్ణాటక విద్యా విధానం

పదవీ విరమణ తర్వాత కూడా థోరాట్ ప్రభుత్వాల విధాన రూపకల్పనలో పాలుపంచుకుంటున్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2024 చివరలో ఇంటింటి సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ, కుల సర్వే జరిపించింది. ఆ వివరాలను విశ్లేషించడానికి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి నేతృత్వంలో 2025లో ఏర్పాటు చేసిన స్వతంత్ర నిపుణుల బృందంలో థోరాట్ సభ్యుడు. కంచ ఐలయ్య, శాంతా సిన్హా, భంగ్యా భూక్యా వంటి తెలుగు ప్రాంత మేధావులు కూడా అందులో ఉన్నారు.

కర్ణాటక ప్రభుత్వం 2023 అక్టోబరులో నియమించిన రాష్ట్ర విద్యా విధాన కమిషన్‌కు థోరాట్ అధ్యక్షత వహించారు. ఆ కమిషన్ 2025 ఆగస్టులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్యకు నివేదిక అందజేసింది.

ఇంకా తేలని ప్రశ్న

4,808 దరఖాస్తుల ఫలితాలు వెలువడి రెండు దశాబ్దాలు కావస్తోంది. వాటి ప్రభావం పరిశోధనా రంగంలో స్పష్టంగా కనిపిస్తోంది. కులాన్ని గ్రామీణ సమాజ శాస్త్రానికే పరిమితమైన విషయంగా కాకుండా, వేతనాలు, నియామకాలు, పెట్టుబడితో ముడిపడిన ఆర్థికాంశంగా అధ్యయనం చేయడం ఇప్పుడు సాధారణమైంది.

విధానంలో మార్పు మాత్రం అంత వేగంగా రాలేదు. ప్రైవేటు నియామకాల్లో కులం, మతం ఆధారంగా వివక్ష చూపడాన్ని నిరోధించే సమగ్ర పౌర చట్టం భారత్‌లో లేదు. వివక్ష వ్యతిరేక, సమానత్వ బిల్లును శశి థరూర్ 2017లో ప్రైవేటు సభ్యుని బిల్లుగా లోక్‌సభలో ప్రవేశపెట్టినా అది చట్టరూపం దాల్చలేదు.

ఇంటర్వ్యూ పిలుపు రాని అభ్యర్థికి దానికి కారణం ఎవరూ చెప్పరు. పోటీ ఎక్కువగా ఉందని, తనలోనే ఏదో లోపం ఉందని అతను అనుకోవచ్చు. ఒక్క దరఖాస్తును చూసి వివక్షను నిరూపించడం దాదాపు అసాధ్యం. వేల దరఖాస్తులను పక్కపక్కన పెట్టినప్పుడే ఆ తేడా బయటపడుతుంది.

థోరాట్ పరిశోధన చేసింది ఆ పనే. విడివిడిగా ఎవరికీ కనిపించని తిరస్కరణలను ఒకచోట చేర్చి లెక్కగట్టింది. ఆ లెక్క ఇప్పుడు పాలకుల ముందు, పారిశ్రామిక సంస్థల ముందు ఉంది. దానికి జవాబుగా ఏం చేయాలన్నది నిర్ణయించాల్సింది వారే.